సందూక్

మా ఇంట్లో ఒక సందూక్ ఉంది. ఆకుపచ్చ రంగు వేసిన రేకుపెట్టె. రంగు సగం రాలిపోయింది. కుడివైపు గొళ్ళెం ఊడిపోతే అబ్బా బైండింగ్ వైరుతో కట్టాడు, ఆ కట్టు ఇప్పటికీ అట్లాగే ఉంది. సంగారెడ్డిలో మా పెంకుటింట్లో వాన కురిసినప్పుడల్లా మొదట మంచం మీదికి ఎక్కేది ఆ సందూకే. తర్వాత బియ్యం. తర్వాత పిల్లలం.

అందులో బంగారం లేదు. అన్నీ కాగితాలే. దాదా పేరు మీద ఉర్దూలో రాసిన శిస్తు రశీదులు, అబ్బా నికానామా, మా అందరి బడి సర్టిఫికెట్లు, మూడు తరాల రేషన్ కార్డులు. కరెంటు బిల్లులు కూడా. అబ్బా ఒక్క కరెంటు బిల్లు పారేసేవాడు కాదు. "సర్కారు మన పేరు రాసి ఇచ్చింది గదా, ఉండనీ" అనేవాడు. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

2019 ఆగస్టు 31న అస్సాంలో ఎన్‌ఆర్‌సీ తుది జాబితా వచ్చింది. 19 లక్షల మందికి పైగా మనుషుల పేర్లు అందులో లేవు. వాళ్ళలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. అది మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాల వాళ్ళకు తలుపు తెరిచింది. ఆ ఆరింటిలో మాది లేదు. ఆ చలికాలం నేను ఏ ముస్లిం ఇంటికి పోయినా సందూక్ తెరిచే ఉంది. చాప మీద కాగితాలు పరిచి, ముసలివాళ్ళు అద్దాలు పెట్టుకొని, పిల్లలు ఫోన్ల లైట్లు పట్టుకొని పేర్లు సరిచూసుకుంటున్నారు. అబ్బా చనిపోయి అప్పటికి నాలుగేళ్ళు. కరెంటు బిల్లుల కట్ట విప్పి నేనూ చాప మీద కూర్చున్నాను.

అప్పుడు కొన్నాను ఆ హార్డ్ డిస్కు. ఒక టెరాబైటు, అరచేతిలో పట్టేది. ఆఫీసు స్కానరు మీద రాత్రిళ్ళు కూర్చొని సందూకంతా దాంట్లోకి ఎక్కించాను. భయం ఎట్లా ఉంటుందో చూడండి, అక్షరం పోకూడదని ఒక్కో పేజీని 600 డీపీఐలో స్కాన్ చేశాను. ఏ ఫోర్ సైజు పేజీ రంగుల్లో అట్లా స్కాన్ చేస్తే ఒక్కోటి వంద ఎంబీ పైన తూగుతుంది. 380 పేజీలు. ఆ ఫోల్డరుకు 'కాగజాత్' అని పేరు పెట్టాను.

స్కాన్ చేస్తుంటేనే తెలిసింది మా అబ్బా ఒక్కడు కాదని. ఆయన పేరుకు ముందు మహమ్మద్ ఉంది. బడి సర్టిఫికెట్‌లో మహ్మద్. ఓటరు కార్డులో మొహమ్మద్. రేషన్ కార్డులో ఎండీ. భూమి కాగితంలో ఉర్దూలో సరిగ్గా ఉంది, కానీ ఆ ఉర్దూ చదవగలిగిన గుమాస్తా ఇవాళ ఏ కచేరీలో ఉన్నాడు? పుట్టిన సంవత్సరం ఒకచోట ఫసలీలో ఉంది. దానికి 590 కలుపుకోవాలి. కలిపితే వచ్చిన సంవత్సరానికీ ఆధార్‌లో ఉన్న సంవత్సరానికీ రెండేళ్ళ తేడా. తప్పు ఆయనది కాదు. ఎవరి చెవికి ఎట్లా వినబడితే వాళ్ళు అట్లా రాసుకున్నారు. తెలుగులో 'ఖ' పలకని గుమాస్తా, ఇంగ్లీషులో 'హెచ్' ఎక్కడ పెట్టాలో తెలియని ఆపరేటరు కలిసి ఒక మనిషిని నలుగురుగా చేశారు.

ఆ డిస్కులో ఇంకా రెండు ఫోల్డర్లు ఉన్నాయి. ఒకటి నా రాతలు. తెలుగు వ్యాసాలు అను ఫాంట్లలో, ఉర్దూ వ్యాసాలు ఇన్‌పేజ్‌లో. ఈ రోజు ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఆ పాత తెలుగు ఇంగ్లీషు అక్షరాల చెత్తకుప్పలా కనిపిస్తుంది. ఇన్‌పేజ్ లేని చోట ఉర్దూ అసలు తెరుచుకోదు. డిస్కు నిక్షేపంగా ఉన్నా రెండు భాషలూ మూగబోయే ఉన్నాయి. దానికి వేరే ఏడుపు ఉంది, ఇక్కడ వద్దు.

మూడోది దాదీ గొంతు.

2009 రంజాన్‌లో, ఇంటర్వ్యూల కోసం కొన్న చిన్న రికార్డరు పెట్టి దాదీతో మాట్లాడించాను. ఐదు ఫైళ్ళు, ఒక్కోటి గంట అటూ ఇటూ. దాదీది బీదర్ దగ్గర పల్లె. 1948 సెప్టెంబరులో, పోలీస్ యాక్షన్ నాటికి, ఆమెకు పదేళ్ళు. సైన్యం 13న వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. పుస్తకాల్లో కథ అక్కడికి ముగుస్తుంది. దాదీ కథ అక్కడ మొదలవుతుంది. జొన్న చేలల్లో రెండు రాత్రులు, తల మీద ఇదే సందూక్, అప్పటికి దీనికి రంగు లేదు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. సర్కారు కూడా తన సందూక్‌లో కొన్ని కాగితాలు దాచుకుంటుంది.

అరవై ఒక్క ఏళ్ళు దాదీ ఇదంతా ఎవరికీ చెప్పలేదు. ఎట్లున్నవ్ దాదీ అంటే "అచ్ఛీ హూఁ బేటా, అల్లా కా షుకర్ హై" అనేది. అంతే. 2012లో పోయింది.

ఇక డిస్కు పడిన సంగతి.

2025 ఆగస్టు. బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ జరుగుతోంది. 2003 జాబితాలో పేరు లేనివాళ్ళు కాగితాలు చూపాలన్నారు. ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు అమ్మీ అన్నం కలుపుతూ ఆగింది. "కాగజాఁ సబ్ హై నా బేటా?" అన్నది. బిహార్ ఎక్కడ, మనమెక్కడ అమ్మీ అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రే డిస్కు తీసి లాప్‌టాప్‌కు పెట్టాను. కాగజాత్ తెరిచి ఒక్కో పేజీ చూస్తున్నాను. చిన్నవాడు ఫోన్ చార్జర్ కోసం టేబుల్ కిందికి దూరి ఏ వైరు లాగాడో. డిస్కు జారి షాబాద్ బండ మీద పడింది. రెండున్నర అడుగుల ఎత్తు. పెద్ద చప్పుడు కూడా కాలేదు, సబ్బుపెట్టె పడ్డట్టు అయింది.

ఆగి ఉన్న డిస్కు పడటం వేరు, తిరుగుతున్న డిస్కు పడటం వేరు. తర్వాత తెలిసిన సంగతి ఇది. లోపల అద్దంలాంటి పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంటుంది. దాన్ని చదివే హెడ్డు దాన్ని తాకకుండా గాలి పొర మీద తేలుతుంది. రెండింటి మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుందంటే ఆ ఎడమెంతో ఊహించుకోండి. ఆపి ఉంటే హెడ్డు పళ్ళెం మీద నుంచి పక్కకు తప్పుకొని ఉంటుంది. మాది తిరుగుతూ పడింది.

ఆపా కొడుకు మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు డిస్కును మళ్ళీ పెట్టి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచాడు. ప్రతి డిస్కూ తన ఒంటి సంగతి తనే రాసుకుంటుందట. దాన్ని స్మార్ట్ అంటారు. ఎన్ని గంటలు పనిచేసింది, ఎంత వేడెక్కింది, ఎన్ని సెక్టార్లు పాడై బదులు సెక్టార్లు వాడుకుంది, ఎన్ని సెక్టార్లు చదవబోతే చదవరాక అనుమానంలో ఉన్నాయి, అన్నీ అంకెలు. ఈ ప్రోగ్రాం ఆ అంకెలు చూసి ఒక గడిలో తీర్పు చెప్తుంది. నీలం రంగు అయితే గుడ్. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే బ్యాడ్.

నీలం వచ్చింది. గుడ్.

"దేఖో మామూ, కుఛ్ నై హువా" అన్నాడు. అమ్మీ లోపలి నుంచి అల్‌హందులిల్లా అన్నది. నేను టీ పెట్టమన్నాను కూడా.

టీ వచ్చేలోపు ఒక ఫొటో తెరవబోయాను. తెరుచుకోలేదు. లోపల టిక్, టిక్ అని రెండుసార్లు. మేనల్లుడు ప్రోగ్రాం మళ్ళీ చూశాడు. గడి పసుపు అయింది. అనుమానపు సెక్టార్ల దగ్గర 28 అని ఉంది. ఇరవై ఎనిమిదేనా, పర్వాలేదు అనుకున్నాం. ఆ ప్రోగ్రాం అంకెల్ని మామూలుగా పదహారు లెక్కలో చూపిస్తుందని వాడికి అప్పుడు గుర్తొచ్చింది. 28 అంటే నలభై. విలేకరి బుద్ధి నాది, అంకె కనిపిస్తే నమ్మేస్తాను, ఏ లెక్కలోదో అడగను.

మరి ముందు గుడ్ అని ఎందుకు చెప్పింది? అబద్ధం చెప్పలేదు. ఒక చోటు పాడైనట్టు డిస్కుకు ఎప్పుడు తెలుస్తుందంటే ఆ చోటును చదవబోయినప్పుడు. ఎవరూ చదవమనలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. అచ్ఛీ హూఁ బేటా. ఆ రాత్రి నిద్రపట్టక చదివాను. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి ఒక పత్రం రాశారు. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతం వాటిలో, గట్టి సూచనలుగా తేలిన నాలుగు స్మార్ట్ అంకెల్లో ఒక్కటి కూడా సున్నా దాటలేదు. ఇంకో మాట కూడా ఉంది. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు 60 రోజుల్లో చచ్చిపోయే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువ. అంటే గుడ్ అన్నమాటను నమ్మలేం, బాగాలేదన్నప్పుడు మాత్రం నమ్మి తీరాలి.

మేనల్లుడు చెక్‌డిస్క్ కొట్టబోయాడు. వాడి స్నేహితుడు ఫోన్‌లో అరిచి ఆపించాడు. దెబ్బ తిన్న డిస్కును పరీక్షల పేరుతో అటూ ఇటూ తిప్పితే గీత ఇంకా పెద్దదవుతుందట. పైగా చెక్‌డిస్క్ బాగుచేస్తానని డిస్కు మీదే మార్పులు రాస్తుందట. ముందు నకలు తీసుకోవాలి, పరీక్షలు తర్వాత. మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేయకూడదు. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్ళు ఉంటారు, పెట్టకూడదు. వైరు తీసి గుడ్డలో చుట్టి పెట్టాం.

తెల్లారి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు పోయాను. మెట్ల కింద చిన్న దుకాణం, పాతికేళ్ళ తెలుగు పిల్లగాడు. "మీరు ఆన్ చేయకుండ తెచ్చిండ్రు, మంచిపని చేసిండ్రు అన్నా" అన్నాడు. రశీదు రాయడానికి పేరు అడిగాడు. చెప్పాను. ఎండీ అని మొదలుపెట్టి రాశాడు. ఆ తర్వాత, "భాయ్, ఇస్మే క్యా హై?" అన్నాడు. అప్పటిదాకా పది నిమిషాలు ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం. చెడ్డవాడు కాదు. మర్యాద చేశాననే అనుకున్నాడు. ఇరవై ఏళ్ళు తెలుగు పత్రికల్లో రాసి బతికిన నా తెలుగు రశీదు మీద పేరు రాసేసరికి ఎగిరిపోయింది. నేను తెలుగులోనే జవాబు చెప్పాను. వాడు హిందీలోనే అడిగాడు. కాసేపు అట్లా నడిచింది.

ఇందులో ఏముంది అని వాడు అడిగినప్పుడు ఇంకో పని జరిగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. నన్ను నేను సోదా చేసుకున్నాను. 2020లో తీసిన ధర్నాల వీడియోలు ఉన్నాయి. అవి నా ఉద్యోగంలో తీసినవి. దాదీ 1948 గురించి మాట్లాడిన ఫైళ్ళు ఉన్నాయి. ఉర్దూలో నా నోట్సు ఉంది. ఎవడైనా తెరిచి చూస్తే ఏమనుకుంటాడు? పెళ్ళి వీడియోలున్న డిస్కు తెచ్చిన పక్కాయనకు ఈ ఆలోచన రాదు.

వాడు డిస్కును లినక్స్ యంత్రానికి తగిలించాడు. అంకె 1బి0కి చేరింది. ఇప్పుడు నాకు లెక్క తెలుసు, 432. డీడీరెస్క్యూ అనే పనిముట్టు ఉంది, అది సులువుగా వచ్చేదాన్ని ముందు లాగి, మొరాయించిన చోట్లను దాటేసి, వాటి దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో పటం రాసుకుంటుంది, మధ్యలో ఆగినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. మామూలుగా దాంతోనే మొత్తం డిస్కును దించుతాడట. కానీ మా డిస్కు హెడ్డు బలహీనంగా ఉంది, టెరాబైటంతా వచ్చేదాకా బతుకుతుందో లేదో అన్నాడు.

"ముఖ్యమైన ఫోల్డర్ ముందు గుంజుదాం. తర్వాత మిగిలింది చూద్దాం. ఏది ముందు భాయ్?"

"కాగజాత్" అన్నాను.

ఆలోచించలేదు. ఒక్క క్షణం కూడా. నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది.

సాయంత్రం నాలుగింటికి మొదలైంది. సెకనుకు రెండు ఎంబీల కంటే ఎక్కువ రావడం లేదు. 38 జీబీ. పెద్ద సైజులో స్కాన్ చేసిన నా తెలివికి అప్పుడు జవాబు దొరికింది. స్టూలు మీద కూర్చున్నాను. దాదా శిస్తు రశీదు వచ్చింది. రేషన్ కార్డులు వచ్చాయి. కరెంటు బిల్లులు ఒక్కొక్కటి, వంద ఎంబీలొక్కోటి, దాదాపు నిమిషం పట్టి వచ్చాయి. మధ్యలో వాడు టీ తెప్పించాడు. ఇషా నమాజు వేళ దాటింది. తొమ్మిదిన్నరకు కాగజాత్ పూర్తయింది. ఒక్క పేజీ పోలేదు.

తర్వాత దాదీ. 300 ఎంబీ. మొదటి ఫైలు వచ్చింది. రెండోది, మూడోది. నాలుగోది సగంలో ఉండగా లోపల టిక్ టిక్ మొదలై ఆగలేదు. వాడు చప్పున వైరు లాగేశాడు. పది నిమిషాలు ఆగి పెట్టాడు. డిస్కు కనబడలేదు. ఇంకోసారి. లేదు. "హెడ్డు పోయింది భాయ్. ఇగ దీన్ని దుమ్ము లేని గదిలో విప్పి హెడ్డు మార్చాలె. మా దగ్గర కాదు" అన్నాడు, ఈసారి తెలుగులో. డబ్బులు సగమే తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి పదకొండు. అమ్మీ మేలుకొనే ఉంది. కాగజాత్ అంతా దక్కిందన్నాను. దాదీవి సగమే వచ్చాయన్నాను. అమ్మీ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సందూక్ వైపు చూసి, "కాగజాఁ తో ఇస్మేచ్ హై నా బేటా" అన్నది.

కాగితాలు ఇందులోనే ఉన్నాయి గదా అని. ఉన్నాయి. ఐదేళ్ళ కింద స్కాన్ చేసి నేనే మళ్ళీ కట్టలు కట్టి పెట్టాను. 380 పేజీల అసలు ప్రతులు మంచం కింద, తాళం వేసి. దాదీ గొంతుకు ఇంకో ప్రతి లేదు. ఒక సీడీ ఉండేది, దానికి బూజు పట్టింది. నెట్‌లో ఎక్కించి పెడదామని ఎన్నిసార్లో అనుకున్నాను. 300 ఎంబీ. సెకనుకు రెండు ఎంబీల చొప్పున లెక్క వేసి చూశాను. రెండున్నర నిమిషాలు. ముందు దాదీ అని ఉంటే రెండున్నర నిమిషాల్లో అయిపోయేది.

ఎందుకు అనలేదో నాకు తెలుసు. చాప మీద కూర్చున్న ఆ చలికాలం నుంచి నన్ను ఎవరు ఏమడిగినా నా చెయ్యి ముందు కాగితం వైపే పోతుంది. దాదీ గొంతును ఏ అధికారీ అడగడు.

ఐదో ఫైలులో ఏముందో అమ్మీకీ నాకూ మాత్రమే తెలుసు. దాదీకి ముగ్గురు అన్నలు. జొన్న చేలో నుంచి నీళ్ళ కోసం పోయి తిరిగి రాలేదు. చివర్లో వాళ్ళ పేర్లు చెప్పింది, వయసులు చెప్పింది. ఆ పేర్లు సందూక్‌లో ఏ కాగితం మీదా లేవు. పదహారేళ్ళ కింద ఒక్కసారే విన్నాను. ఇద్దరి పేర్లు గుర్తున్నాయి. మూడోవాడి పేరు రావడం లేదు. అమ్మీని అడిగితే, "చోటే మియాఁ అంటుండె. అసలు పేరు అట్లనే వస్తది, నోట్లకు రాదు" అన్నది. అది ముద్దు పేరు. ఆమె మాటల్ని ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ రాత్రే మూడు చోట్ల దాచాను.

డిస్కులు విప్పి హెడ్లు మార్చే ఒక ల్యాబ్ వాళ్ళతో మాట్లాడాను. పళ్ళెం మీద గీత ఎక్కడ పడిందో విప్పితే గానీ తెలియదట, హామీ ఏమీ ఇవ్వలేమన్నారు. చెప్పిన ఖర్చు నా నెల జీతంలో సగం. ఫారం పంపారు. మొదటి గడిలో పేరు, గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయాలి. రాశాను. కిందికి పోతే ఒక పెద్ద గడి ఉంది, మీకు ముఖ్యమైన ఫైళ్ళు ఏవి, ప్రాధాన్య క్రమంలో రాయండి అని. పది గీతలు గీసి ఉన్నాయి. మొదటి గీత మీద దాదీ, ఐదో ఫైలు అని రాశాను. రెండో గీత మీద దాదీ, నాలుగో ఫైలు, రెండో సగం. మిగతా ఎనిమిది గీతలు ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.